పెద్ద గెడ్డ

జీలుగుపుట్టులో పుస్తకం మా ఇంట్లోనే ఉంటుంది,
చూరు కింద, విత్తనానికి కట్టిన మొక్కజొన్న కంకుల పక్కన,
పొగ పట్టి అట్ట నల్లబడి.
ఒక మూల ఎలుక కొరికింది.
ఆ మూలనున్న మాటలు నాకు కంఠతా వచ్చు గనక
పెద్ద నష్టమేం లేదు.

అందులో రేషను కార్డు, ఆధార్ జిరాక్సులు,
పోడు పట్టా,
మామయ్యకి పిల్లనిచ్చినవాళ్ళ ఫోను నంబరు.
చివరి తెల్ల కాగితం మీద
సావుకారు తూకంలో కొట్టేసిన పసుపు లెక్క, మూడేళ్ళది,
అమ్మ పెన్సిలుతో రాసింది.
దేవుడు ఎలాగూ ఈ పుస్తకం తెరుస్తాడు కదా,
ఇదీ చూస్తాడని.

ఫాస్టరు గారు నెలకోసారి కొండెక్కుతారు, వాన లేకపోతే.
తక్కిన ఆదివారాలు నేను తెలుగులో చదువుతాను.
అమ్మమ్మ, కిల్లో బుద్రి, పక్కన నిలబడి
మా బాసలోకి తిప్పుతుంది.
అక్షరం ముక్క రాదు,
ఒక్క మాట దాటిపోనివ్వదు.

ద్రాక్ష దగ్గర ఆగి నా వైపు చూసింది.
"తీగకి కాస్తుంది, తియ్యగుంటుంది, పులిస్తే మత్తు" అన్నాను.
జీలుగుకల్లు తీగకి కాసినట్టు, అని చెప్పేసింది.
వెనక వరసలో దొన్ను తాత తలూపాడు,
ఆ రోజు వాక్యం అతనికి బాగా అందింది.
గొర్రె అంటే మేక.
ఆవగింజకి మాత్రం తిప్పే పనే లేదు,
ఎవరి అరచేతిలోకి వాళ్ళు చూసుకున్నారు.

సముద్రం వచ్చినప్పుడు "పెద్ద గెడ్డ" అంది.
"ఎంత పెద్దది?" దొన్ను తాత.
"అవతలి ఒడ్డు అవుపడనంత."
"గాలివానలో అలాంటి గెడ్డ దాటకూడదు.
ఆ పడవలోవాళ్ళని ఎనక్కొచ్చీమను."
నేను పేజీ తిప్పాను.

పోయిన వానాకాలం అమ్మమ్మకి కడుపులో గడ్డ.
డోలీ కట్టి నలుగురు రోడ్డు దాకా మోశారు,
పుస్తకం పాలిథిన్ సంచిలో, తల కింద.
పాడేరులో చూసి విశాఖపట్నం పంపేశారు.
కేజీహెచ్‌లో గుమస్తా కార్డు అడిగితే
కీర్తనల మధ్యనుంచి తీసిచ్చాను.
పొగ వాసనకి ముక్కు చిట్లించాడు, అయినా రాసుకున్నాడు.

ఆపరేషనైన ఆరో రోజు
మెట్ల దగ్గరి కిటికీ దాకా నడిపించాను.
డాబాల మీదుగా, నీళ్ళ ట్యాంకుల మీదుగా
అది కనిపించింది.
దాని మీద ఒక ఓడ, కదలకుండా.
"ఏటది?"
"అదే, సముద్రం."
కిటికీ ఊచ పట్టుకుని చాలాసేపు నిలబడింది.
"ఇరవయ్యేళ్ళ నుంచి గెడ్డని సెప్పేసినానే
అందరికీ" అంది.

డిశ్చార్జి రోజు ఒడ్డున ఆటో ఆపించింది.
కుట్లు, వంగలేదు.
నేనే దోసిట్లో తెచ్చాను, సగం దారిలోనే కారిపోయింది.
మిగిలిన ఆ కాస్తా నాలిక మీద పెట్టుకుని
ఉమ్మలేదు, మింగింది.

ఇంటికొచ్చిన ఆదివారం
నేను చదవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"ముందు నా తప్పు సెప్పుకోవాల."
ఏ పాపమోనని అందరూ సర్దుక్కూచున్నారు.
"నాను గెడ్డన్నాను. గెడ్డ కాదది.
సలికాలం పొద్దున్నే మన లోయ నిండా
మంచు నిలబడిపోద్ది సూడండి,
ఎదర కొండ మునిగిపోయి తలకాయొక్కటే తేలద్ది.
ఆ మంచు కదిలితే,
దానికి గొంతుంటే,
నాకితే ఉప్పగుంటే
అది."

ఎవరూ మాట్లాడలేదు.
పెద్దమ్మ మనవడు సుకురు, మూడో తరగతి,
"మేం రోజూ అందులోంచే కదా బడికెల్తాం" అన్నాడు.

అమ్మమ్మ వాడికేసి చూసి, నన్ను చదవమంది.
పడవ దగ్గర మొదలుపెట్టాను.
నీళ్ళ మీద నడిచే చోట ఆమె తిప్పడం ఆపి
తలుపులోంచి బయటికి చూసింది.
బయట ఎండ కాస్తోంది.

అప్పుడు దొన్ను తాత లేచాడు.
"అంత ఉప్పుందా నిజంగా?
మరి సంతలో ఆడు కిలోకి
ఇరవయ్యెందుకు లాగుతున్నాడు?"

అమ్మ నా చేతిలోంచి పుస్తకం తీసుకుని
చివరి కాగితం తిప్పింది,
పెన్సిలు కోసం జడలో వెతుక్కుంటూ.